హెచ్‌ఎంటీ నగర్ మూడో అంతస్తు మిరప తోట

నాచారం హెచ్‌ఎంటీ నగర్ లోపలి సందులో మూడో అంతస్తు కిటికీ ఒకటుంది. రాత్రి తొమ్మిదైనా అందులోంచి వంకాయ రంగు వెలుతురు. మీరూ చూసే ఉంటారు. చూసీ చూడనట్టు తల తిప్పుకుని వెళ్ళిపోయుంటారు, మీ సంగతి నాకు తెలీదూ! మా వాచ్‌మన్ అయితే లోపల సినిమా తీస్తున్నారని తేల్చేశాడు. అతన్నీ అనలేం. ఎన్టీ రామారావుగారి రామకృష్ణా స్టూడియో ఉన్న ఊరాయె, నాచారంలో లైటు వెలిగితే షూటింగే గుర్తొస్తుంది. ఎదురింటావిడ మాత్రం ఏదో పూజ అంది. నాకు ఉండబట్టలేదు. ఇంత కరివేపాకు చేతపట్టుకుని మెట్లెక్కాను.

పూజా లేదు, షూటింగూ లేదు. హాల్లో ఇనప ర్యాకు నిండా మిరప మొక్కలు!

ఆ ఇంటి కోడలు పిల్ల ఉప్పల్లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. వాళ్ళక్క న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ మనవాళ్ళకి ఇది మామూలేనట. బయట ఇంకా మంచు ఉండగానే, ఫిబ్రవరి మార్చిల్లో, బేస్‌మెంట్లో లైట్ల కింద మిరప నారు పోసుకుంటారు. మేలో మంచు భయం పోయాక పెరట్లో నాటుకుంటారు. "వాళ్ళకంటే తప్పదు, ఇంత ఎండ పెట్టుకుని మనకేం ఖర్మే?" అన్నాను. "ఎండ ఏడున్నది ఆంటీ, జర చూపియ్యండి" అని బాల్కనీ తలుపు తీసింది. నిజమే, చెయ్యి చాపితే పక్క బిల్డింగు గ్రిల్లు తగులుతోంది. డాబా మీద పెడితే కోతులు బతకనివ్వవు. ఏప్రిల్, మే వచ్చాయంటే మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మిరపేమో 35 దాటితేనే పూత రాల్చేస్తుంది. రాత్రిళ్ళు చల్లబడకపోయినా అంతే.

మీరు హాల్లో ట్యూబులైటు వేసుకుని ఎంత వెలుతురో అని మురిసిపోతారు కదా. మన కన్ను సర్దుకుపోతుంది, మొక్క సర్దుకోదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, మన హాల్లో రాత్రి లైటు రెండు మూడు వందల లక్స్ ఉంటే గొప్ప. అందుకే గోడ మీది లైటుని నమ్ముకున్న నారు పాలిపోయి, సన్నగా సాగి, వాలిపోతుంది. లైటు మొక్క నెత్తిమీదికి దిగి రావాలి. ఆ పిల్ల లైట్లని గొలుసులకి వేలాడదీసింది. నారుకి బెత్తెడు ఎత్తులో, పెద్ద మొక్కలకి జానెడు ఎత్తులో. మొక్క పెరిగినకొద్దీ ఒక్కో లంకె పైకి.

ఆ రంగెందుకని అడిగాను. ఆకుకి ఎరుపు, నీలం వెలుగులు బాగా పనికొస్తాయి, ఆ రెండూ కలిస్తే వంకాయ రంగు. అయితే తెల్ల ఎల్‌ఈడీలోనూ ఆ రెండూ ఉంటాయి గనక మామూలు తెల్ల ట్యూబులు చాలు. కింది అరలకి తనూ అవే పెట్టింది. ఆకు మీద పురుగుందో లేదో ఆ వంకాయ వెలుతుర్లో ఏం కనపడుతుంది చెప్పండి!

కరెంటు బిల్లో, అంటారు. అనకపోతే మీరెందుకవుతారు! 20 వాట్ల ట్యూబు రోజుకి 14 గంటలు వెలిగినా నెలకి ఎనిమిదిన్నర యూనిట్లు కాలదు. రాత్రి మాత్రం ఆర్పాలి. ప్లగ్గుకి టైమరుంది, అదే ఆరిపోతుంది. అయినా వాళ్ళ మామగారికి టైమరు మీద నమ్మకం లేదు. పదింటికి మంచం దిగి వచ్చి, ఆరిందో లేదో చూసి వెళ్ళి పడుకుంటారు. "వాటికి గూడ నిద్ర గావాలె గద" అంటారాయన.

అత్తగారి పని పొద్దున. మిరప పువ్వు తలవంచుకుని పూస్తుంది. ఆడా మగా రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి తేనెటీగ రాకపోయినా పర్లేదు, గాలికి ఊగితే పుప్పొడి రాలి కాయ కడుతుంది. హాల్లో గాలి ఏదీ? అందుకని ఆవిడ టీ తాగేసి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో పువ్వు తొడిమ మీద గోటితో టక్కుమని కొడుతుంది. కొట్టినప్పుడల్లా "కాయి బిడ్డా" అంటుంది. ఒక్క పువ్వునీ వదలదు. నేను మాట్లాడుతుంటే లెక్క తప్పిందని మళ్ళీ మొదటి కుండీ నుంచి మొదలెట్టింది! నన్నడిగితే లైటు కొన్నంత మాత్రాన మిరప కాయదండీ. ఇంట్లో ఒక్కరికైనా దాని మీద ఇంత ధ్యాస ఉండాలి.

పురుగు లోపలికి రాదనుకోకండి, బట్టలు పట్టుకుని కూడా వస్తుంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. 2021లో నల్ల తామర పురుగు ఖమ్మం, వరంగల్ మిరప రైతులని ఎంత ఏడిపించిందో గుర్తుందా? పొలాలు దున్నేసుకున్నారు పాపం. మనకైతే కుండీలే కాబట్టి వారానికోసారి ఆకు తిప్పి చూసుకుని, వేపనూనె కొడితే సరిపోతుంది.

మామగారిది నర్సంపేట వైపు. అందుకే పై అరంతా చపాటా మిరపే. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందే, ఆ వరంగల్ చపాటా. కారం తక్కువ, రంగు బోలెడు. దాని గింజ దాచుకుంటే మళ్ళీ దాదాపు అదే కాయ వస్తుంది. ఇంట్లో తేనెటీగలు తిరగవు గనక వేరే రకం పుప్పొడి కలిసే భయమూ తక్కువే. హైబ్రిడ్ కాయ గింజ అలా కాదు, తల్లి గుణం నిలవదు. మీరు రోజూ బస్సులో దాటిపోయే సీసీఎంబీ పరిశోధన సంస్థ లేదూ, ఉప్పల్ రోడ్డు మీద? అక్కడి ఇమ్రాన్ సిద్దిఖీగారూ ఇతర దేశాల శాస్త్రవేత్తలూ కలిసి 2011లో ఆవ కుటుంబపు చిన్న మొక్కలో, తల్లికి అచ్చు నకలైన గింజలు పుట్టించి చూపించారు. ఆ విద్య మన మిరపదాకా వస్తే హైబ్రిడ్ గింజా దాచుకోవచ్చు, ఎంత బాగుండును!

మీరూ పెంచాలనుకుంటే సంక్రాంతి దాటాక పచ్చడికి పండుమిరప కొంటారు కదా, అందులోంచి మంచి కాయలు నాలుగు పక్కన పెట్టండి. పాత ఎండుమిరప గింజలు సరిగా మొలవవు. గింజలు తీశాక చేతులకి ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. మిరప మంట వట్టి నీళ్ళకి పోదు. అంతదాకా కళ్ళ మీద చెయ్యి పెట్టకండి, మీకసలే మాట్లాడుతూ కళ్ళు నులుముకునే అలవాటు.