ఒక్క బిడ్డ తల్లులం

మా వైపు ఇద్దరు ఆడవాళ్లు బస్టాండులో పక్కపక్కన కూర్చుంటే మొదట ఊరు అడుగుతారు, తర్వాత "ఎంతమంది పిల్లలు?" అంటారు. ముగ్గురనో నలుగురనో చెబితే మాట ముందుకు సాగుతుంది. "ఒక్కరే" అంటే మాత్రం అక్కడే ఆగిపోతుంది. అవతలామె మన ముఖం కేసి ఒకసారి, కడుపు కేసి ఒకసారి చూస్తుంది. "అయ్యో, ఇంగ కాలేదా?" అని ఒకరు, "ఒగదానితోనే సరిపెట్టుకుంటివా?" అని ఇంకొకరు. కాస్త పెద్ద వయసు మనిషయితే సామెత కూడా చెబుతుంది: ఒక్క కన్ను కన్నూ కాదు, ఒక్క బిడ్డ బిడ్డా కాదు.

ఈ సామెత విని విని అరిగిపోయిన చెవులు మావి. మేము నలుగురం. ముగ్గురం సుగాలీలం, ఒకామె ఎరుకలామె. ఇద్దరు ఆదోనిలో, ఇద్దరు ఎమ్మిగనూరులో ఉంటున్నాం. పెద్దామె ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుకు పోతుంది. ఎరుకలామె ఆమె పక్క గదిలోనే అద్దెకుండి బుట్టలు, చేటలు అల్లి అమ్ముతుంది. ఎమ్మిగనూరులో ఒకామె కుట్టుమిషను పెట్టుకుంది, మేమంతా ఆమెను మిషనామె అంటాం. అందరికన్నా చిన్నామె కూలికి పోతుంది, చలికాలం వచ్చిందంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతుంది. ముగ్గురికి ఆడపిల్లలు, ఎరుకలామెకు మగపిల్లాడు.

బయటివాళ్లకు మేమంతా ఒకే లెక్క, ఒక్క బిడ్డ తల్లులు. కానీ ఎవరి కథ వారిది. పెద్దామె బిడ్డకు రెండేళ్లప్పుడు భర్త లారీ ప్రమాదంలో పోయాడు. తిరిగి పెళ్లి చేస్తామని తండా పెద్దలు రెండుసార్లు వచ్చారు, ఆమె ఒప్పుకోలేదు. ఎరుకలామెకు కొడుకు ముందు రెండు కాన్పులు, తర్వాత ఒకటి నిలవలేదు. చిన్నామెకు కడుపునొప్పని పోతే ఇరవైనాలుగేళ్లకే గర్భసంచి తీసేశారు. తీయకుండా నయం చేసే దారి ఉందేమో అని ఆరోజు ఆమెకు చెప్పినవాళ్లు లేరు. మనలో కూలికి పోయే ఆడవాళ్లను అడిగి చూడండి, ముప్పై దాటకముందే సంచి తీయించుకున్నవాళ్లు ప్రతి తండాలోనూ కనబడతారు. మిషనామె ఒక్కతే కావాలని ఒకరితో ఆపుకుంది. మొగుడూ పెళ్లామూ కూర్చుని మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం అది. అయినా అత్త ఈనాటికీ ఆమె చేతి నీళ్లు తాగేటప్పుడు ఒక నిట్టూర్పు విడుస్తుంది. మా సుగాలీల్లో హోలీకి మగబిడ్డ పుట్టిన ఇంటిముందు ఢూండ్ చేస్తారు. ఆ ఇంటిముందు ఢూండ్ జరగలేదన్నదే ఆ నిట్టూర్పు.

మిషనామె ఎందుకు ఒకరితో ఆపుకుందో చెప్పాలంటే మా చిన్నతనం చెప్పాలి. మేము నలుగురమూ ఇంట్లో పెద్దకూతుళ్లమే. తండాలో పెద్దకూతురంటే చిన్న తల్లి. అమ్మ చేనికి పోతే చంకలో తమ్ముడు, వెనక కొంగు పట్టుకుని చెల్లెలు. బడికి పోయినా చంకలో బిడ్డ ఉండేది, వాడు ఏడిస్తే సారు బయటికి పొమ్మనేవాడు. ఆ బయటికి పోవడమే మెల్లగా బడి మానడమయింది. పదేళ్లు దాటాక విత్తనపత్తి చేలల్లో పూలు క్రాసింగు చేయడానికి తీసుకుపోయేవాళ్లు. సాయంత్రం మొగ్గలు వలిచి, మరునాడు పొద్దున పుప్పొడి రాయాలి. చిన్నపిల్లల వేళ్లయితే పువ్వు చెడదు, కూలీ తక్కువ. కర్నూలు జిల్లా హైబ్రిడ్ పత్తి విత్తనాలు దేశమంతా పోయిన రోజుల్లో ఆ విత్తనాల వెనక మా వయసు ఆడపిల్లల వేళ్లున్నాయి. మిషనామె మాట ఒకటే: "నా బిడ్డ చంకలో ఇంకో బిడ్డను పెట్టను."

ఆ మాట మాకు నచ్చింది. కానీ దానికి రెండో వైపు కూడా ఉంది. చంకలో బిడ్డ లేని పిల్లకు తనను ఎత్తుకునే అక్క కూడా ఉండదు. అమ్మ ఇంట్లో లేని రోజు ఆ పిల్ల ఎవరి దగ్గరుండాలి? మా స్నేహమంతా ఈ ప్రశ్న చుట్టూనే పెరిగింది.

మొదలయింది మాత్రం నీళ్ల దగ్గర. ఆదోనిలో కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు ఏ వేళకు వస్తాయో చెప్పలేం. పెద్దామె మిల్లులో ఉన్నప్పుడు నీళ్లొస్తే ఎరుకలామె రెండిళ్ల బిందెలూ నింపేది. ఎరుకలామె బుట్టలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే రోజు ఆమె కొడుకు పెద్దామె గుమ్మంలో కూర్చుని కూతురితో కలిసి సంగటి తినేవాడు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సుగాలీ ఇంట్లో ఎరుకల పిల్లాడు తినడమా అని మా వాళ్లే అన్నారు, పందులు మేపేవాళ్ల ఇల్లు కదా అన్నారు. మమ్మల్ని ఊళ్లోవాళ్లు ఎట్లా చూస్తారో తెలిసి కూడా మనలో మనం మెట్లు కట్టుకుంటాం. పెద్దామె జవాబేమీ చెప్పలేదు, మరునాడు వాడికి ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

మిషనామె, చిన్నామె పెద్దామె తండావాళ్లే. ఆదోనికి సరుకులకు వచ్చినప్పుడల్లా ఆ రెండు గదుల ముందు ఆగేవారు. అలా నలుగురమయ్యాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆదివారాలు కలవడం ఇంకా పెరిగింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి గంట ప్రయాణం. పొద్దున దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. నలుగురు పిల్లలకూ కలిపి ఒకటే పొట్లం కడతాం. ఇది పిసినారితనమే అనుకున్నా సరే, కావాలనే చేస్తాం. ఒక్క బిడ్డకు ఇంట్లో పోటీ ఉండదు. ఆఖరి బజ్జి ఎప్పుడూ తనదే. ఆఖరి బజ్జి కోసం కొట్లాడడం, ఓడిపోవడం, అలిగి మళ్లీ వచ్చి కూర్చోవడం ఆదివారమే నేర్చుకోవాలి. మొదట్లో చిన్నామె కూతురు పొట్లం ఎత్తుకుని బాత్రూములో గడియ పెట్టుకుంది. ఇప్పుడు తనే నాలుగు భాగాలు చేస్తుంది, తన భాగం కొంచెం పెద్దదిగా.

పిల్లలు మమ్మల్ని పిలిచే పిలుపులు కూడా కలిసిపోయాయి. మా గోర్ బోలీలో తల్లిని యాడీ అంటాం. ఎరుకలామె కొడుక్కి తన తల్లి అమ్మ, పెద్దామె పెద్ద యాడీ. వాడికి గోర్ బోలీ అర్థమవుతుంది, తిట్లయితే మాకన్నా బాగా వస్తాయి. మా ఆడపిల్లలు వాడి కుర్రు భాషలో నాలుగు మాటలు నేర్చుకుని మా ముందు గుసగుసలాడతారు. ఏ పుస్తకమూ లేకుండా రెండు భాషలు ఇట్లా ఇల్లు మారాయి. ఉపాధ్యాయులు ఇది చదువుతుంటే, మీ తరగతిలో ఇట్లాంటి పిల్లలుంటారు, ఒకసారి వాళ్లను మాట్లాడనివ్వండి.

ఇక వలస సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. శెనక్కాయ, పత్తి పనులు అయిపోయాక ఊళ్లకు ఊళ్లు తాళాలు పడతాయి. మూటలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు అన్నీ లారీ ఎక్కుతాయి. మిరప కోతలు ముగిసి తిరిగొచ్చేసరికి మార్చి, ఏప్రిల్. అంటే బడిలో సగం సంవత్సరం అక్కడే పోతుంది. నలుగురు పిల్లలున్న ఇంట్లో పెద్దపిల్లనో ముసలమ్మనో ఇంటి దగ్గర పెట్టి పోతారు. ఒక్క పిల్ల ఉన్నామె ఏం చేయాలి? వెంట తీసుకుపోతే చదువు పోతుంది, పైగా ఆ మిరప ఘాటుకు పసిపిల్లల కళ్లు, ముక్కులు ఎట్లా అవుతాయో చూసినవాళ్లకే తెలుసు. వదిలిపోతే రాత్రి నిద్ర పట్టదు. వలస పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపారు, అవి ఉన్న ఊళ్లలో ఎందరో పిల్లల చదువు నిలిచింది. కానీ ఆరేళ్ల పిల్ల అర్ధరాత్రి జ్వరంతో లేచి యాడీ అంటే పలికే మనిషి కావాలి.

మూడేళ్లుగా చిన్నామె కూతురు ఆ నెలలు మిషనామె ఇంట్లో ఉంటోంది. ఇప్పుడు మూడో తరగతి. మొదటి ఏడు పిల్ల తినలేదు, మిషను కింద కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకునేది. మిషనామె కూతురు అప్పటికి ఒంటిగా పెరిగిన పిల్ల, తన దుప్పటి పంచుకోనని మంకుపట్టు పట్టింది. పదిహేను రోజులకు ఇద్దరూ ఒకే దుప్పటిలో దూరారు. రాత్రి ఎనిమిదింటికి గుంటూరు చేలో గుడారం నుంచి ఫోను వస్తుంది. సిగ్నల్ కోసం చిన్నామె ట్రాక్టరు ట్రాలీ మీదికెక్కి మాట్లాడుతుంది. పిల్ల ఒకరోజు బడి కబుర్లన్నీ చెప్పి, "యాడీ, ఇంగ పెట్టేస్తా, హోంవర్కుంది" అని ఫోను పెట్టేసింది. చిన్నామె ట్రాలీ మీదే కూర్చుని ఏడ్చిందట. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలియదట. మిషనామెకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన ఎండుమిరపకాయలు మాత్రం తీసుకుంది. ఆ ఏడాదంతా నాలుగిళ్లలోనూ అదే కారం.

ఇంత చేసినా కాగితం ముందు మేము ఎవరికీ ఏమీ కాము. పెద్దామె కూతురు ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉంటుంది. ఒకసారి బాగా జ్వరమొచ్చిందని ఫోను చేశారు. పెద్దామె మిల్లులో ఉంది. హాస్టలుకు దగ్గరలో ఉన్న మిషనామె వెంటనే పోయింది. రక్తసంబంధం ఉందా అని అడిగారు, లేదంది. పిల్ల కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఈమె గేటు దగ్గరే నిలబడి ఉంది. పెద్దామె బస్సు దిగి వచ్చేసరికి సాయంత్రమయింది. ఆ నియమాన్ని మేము తప్పు పట్టడం లేదు. ఆడపిల్లను ఎవరు పడితే వాళ్లతో పంపకూడదు. మేము అడిగేది ఒకటే. చేర్చుకునే రోజే తల్లి ఎదురుగా ఇంకో ఇద్దరి పేర్లు, ఫోటోలు, సంతకాలు తీసుకుని పెట్టుకోండి. అక్కాచెల్లెళ్లు, బాబాయిలు అందరికీ ఉండరు. వలస పోయే తల్లికి పక్కింటామే బంధువు.

ప్రభుత్వం లెక్కలు కూడా మా చుట్టూ తిరుగుతుంటాయి. మా అమ్మలకు ఇద్దరు చాలన్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది. ఇప్పుడు ఇంకా కనమంటున్నారు, 2024 నవంబరులో ఆ ఎన్నికల నిబంధన కూడా తీసేశారు. 2020లో వచ్చిన అమ్మఒడిలో ఎందరు పిల్లలున్నా తల్లికి ఒకటే సొమ్ము. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలో చదివే బిడ్డ ఒక్కొక్కరికీ వేస్తున్నారు. ముగ్గురు పిల్లల తల్లికి ఎక్కువ రావడం న్యాయమే, ఖర్చు ఆమెదే కదా. మాకు నవ్వొచ్చేది వేరే విషయానికి. కనమన్నా వద్దన్నా, ఆ బిడ్డను చంకలో వేసుకుని బడి మానేసే పెద్దకూతురు ఈ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

శ్రావణంలో మా తండాలో తీజ్ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసి, ఆఖరిరోజు చెరువులో కలుపుతారు. అప్పుడు అన్నదమ్ముల కాళ్లు కడుగుతారు. మా ముగ్గురు ఆడపిల్లలకూ అన్నదమ్ములు లేరు. పోయినేడు ఆ వేళకు ముగ్గురూ పక్కకు జరిగి నిలబడ్డారు. ఈ ఏడు పెద్దామె కూతురు ముందే చెప్పింది, మా అన్న వస్తాడని. వచ్చినవాడు ఎరుకలామె కొడుకు, పదో తరగతి. ముగ్గురి బుట్టలూ వాళ్లమ్మ అల్లినవే. "గోర్ కానివాడి కాళ్లు ఎట్లా కడుగుతారు?" అని ఒక పెద్దాయన లేచాడు. బుట్ట పనికొచ్చింది గానీ బుట్ట అల్లినామె కొడుకు పనికిరాడా అని మిషనామె అడిగింది. కాసేపు గలాటా అయింది. నాయక్ అవునూ అనలేదు, కాదూ అనలేదు, బీడీ ముట్టించుకుని అటు తిరిగాడు. మా పిల్లలు దాన్నే అనుమతి అనుకున్నారు. వాడు సిగ్గుతో చెవులు ఎర్రబడి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నిలబడితే ముగ్గురూ వరసగా కాళ్లు కడిగారు. ముగ్గురికీ ఇవ్వడానికి వాడి దగ్గర ముప్పై రూపాయలే ఉన్నాయి. ఆ పెద్దాయన ఇప్పటికీ పెద్దామెతో మాట్లాడడం లేదు.

వాడు వచ్చే ఏడు ఇంటర్‌కు కర్నూలు పోతానంటున్నాడు. ఎరుకలామెకు రాత్రిళ్లు ఇదే దిగులు. ఒక్కగానొక్కడు దూరం పోతే తనకెవరని. ఒక్క బిడ్డ తల్లికి ముసలితనం భయం ముందే వస్తుంది. "నీకు మేము ముగ్గురం లేమా?" అంటే, "మీరూ నాతోపాటే ముసలోళ్లయితిరి కదప్పా" అంటుంది. దానికి మా దగ్గర జవాబు లేదు. నెలకు తలా ఐదు వందలు ఒక డబ్బాలో వేస్తున్నాం, డబ్బా పెద్దామె దగ్గరుంది. ముందు వాడి హాస్టలు ఫీజు. తర్వాతి సంగతి తర్వాత.

ఈ వారం చిన్నామె మూట కడుతోంది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాడు, లారీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు. పిల్ల పుస్తకాలు, రెండు గౌన్లు, దగ్గు మందు ఇప్పటికే ఎమ్మిగనూరు చేరాయి. దుప్పటి తేవద్దని మిషనామె కూతురు ఫోను చేసి చెప్పింది.