పొగ లేని నిప్పు

మా అమ్మ తెనాలి నుంచి ట్రాయ్ వచ్చిన మొదటి చలికాలం అది. 2023 ఫిబ్రవరి 22న గడ్డకట్టే వాన కురిసి, చెట్లూ కరెంటు తీగలూ గాజు తొడుగు వేసుకున్నట్టయ్యాయి. ఆ రాత్రే కరెంటు పోయింది. మిషిగన్‌లో లక్షల ఇళ్ళది అదే పరిస్థితి. మా ఫర్నేసు గ్యాసుదే, కానీ దాని ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలిగా!

రెండో రోజు సాయంత్రానికి ఇల్లంతా ఐసుపెట్టె. "మనూళ్ళో అయితే కుంపటి రాజేసుకునేవాళ్ళం" అంది అమ్మ. నాకు గరాజ్‌లో ఉన్న బొగ్గుల గ్రిల్ గుర్తొచ్చింది. గరాజ్ తలుపు సగం ఎత్తి ముట్టించాను. ఉప్మా అయింది, కాఫీ అయింది. బొగ్గులు కణకణలాడుతున్నాయి, పొగ ఆనవాలే లేదు. ఆ వెచ్చదనం వదులుకోబుద్ధి కాక గరాజ్ తలుపు దించేసి, వంటింట్లోకి ఉన్న తలుపు బార్లా తెరిచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను!

కాసేపటికి "తల దిమ్ముగా ఉందిరా" అంది అమ్మ. మా ఆవిడకి కడుపులో తిప్పింది. నిద్రలేమి అనుకున్నాం. అంతలో హాల్లో అలారం నాలుగేసి సార్లు మోగడం మొదలెట్టింది. బ్యాటరీ అయిపోయిందేమోనని స్టూలెక్కి ఊడదీయబోయాను. మా పదేళ్ళ అమ్మాయి చొక్కా పట్టుకుని లాగింది. "నాన్నా, మూడు మోతలైతే పొగ, నాలుగైతే కార్బన్ మోనాక్సైడ్! స్కూల్లో చెప్పారు. బయటికి పదండి!"

కోట్లు తగిలించుకుని మంచులోకి పరిగెత్తి 911కి ఫోన్ చేశాం. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మీటరుతో ఇల్లంతా కొలిచారు. "అలారం పీకేసి పడుకుని ఉంటే లేచేవారు కాదు" అన్నారు. ఆ రాత్రి నలుగురం ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్కులతో గడిపాం.

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. పొగ లేని నిప్పు మాటేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమ్మ కుంపటి గాలాడే వసారాలో ఉండేది. ఇక్కడి ఇళ్ళు చలికి బిగించి కట్టినవి. తలుపు తీసి ఉన్నా సరే, గరాజ్‌లో గ్రిల్లు గానీ జనరేటరు గానీ వద్దు. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి.

పిల్లలూ, మీ ఇంట్లో ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే అమ్మానాన్నల చొక్కా పట్టుకుని లాగండి.

ఇప్పుడు అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేస్తే "అన్నం తిన్నావా?" కంటే ముందు అడిగేది ఒకటే: "అలారం బ్యాటరీ మార్చావా?"