ఓడచుట్టములు

మాది రేవుపట్టణము. ఓడను చూచి యాశ్చర్యపడుట విశాఖపట్టణమువారు చాలకాలము క్రిందటనే మానివేసిరి. బొగ్గు దింపునవి, ఇనుపరాయి నెత్తుకొనునవి, చమురు మోయునవి రాత్రింబవళ్లు వచ్చుచునే యుండును, పోవుచునే యుండును. డాల్ఫిన్‌నోసు కొండను రాచుకొనుచు నొక లోహపర్వతము రేవులోనికి జొరబడుచున్నను, ఒడ్డున గూర్చున్నవాడు తన ముంతమసాలా పొట్లమునుండి తల యెత్తి చూడడు. అట్టివారిచేత మరల తల యెత్తించినది విహారనౌక.

ఈ యోడలో దిగుమతి చేయవలసిన సరకు లేదు, ఎగుమతి చేయవలసిన సరకు లేదు. మనుష్యులు ఉదయమున దిగుదురు, సాయంకాలమున నెక్కుదురు. పత్రికలవారు వీరిని పర్యాటకులనుచున్నారు. మా వీధివారు మాత్రము ఓడచుట్టములనుచున్నారు. మాకును ఈ పేరే నచ్చినది. ఏలయన, చుట్టము వచ్చినప్పుడు ఇల్లు పడు తొందర యంతయు మా పట్టణము పడినది. ఆ తొందరలో మేము చేసిన యొక పనిని చెప్పుకొనుటకే యిది వ్రాయుచున్నాము.

2022 జూనులో చెన్నపట్టణమునుండి యొక విహారనౌక మా రేవునకు వచ్చి, ఇచ్చటివారిని గూడ నెక్కించుకొని పోయినది. ఆ నెలలోనే, నౌకలోని జూదమును గూర్చిన యాక్షేపణల నడుమ, పుదుచ్చేరివారు దానిని తమ తీరమున నిలువనీయలేదు. మాకట్టి పట్టింపు లేకపోయెను. 2023 సెప్టెంబరులో మా వెలుపలి రేవున దాదాపు నూరుకోట్ల రూపాయలతో గట్టిన విహారనౌకల కేంద్రము తెరవబడినది. 2024 ఏప్రిలులో 'ది వరల్డ్' అను నౌక వచ్చినది. అది ఓడ యనుటకన్న నీటిపై పేట యనుట మేలు. అందలి గృహములను స్వంతముగా గొనుక్కొన్నవారు వానియందే కాపురముండి భూగోళమును చుట్టుచుందురు. వారు గుమ్మము దాటనక్కఱలేదు, దేశములే గుమ్మమునకు వచ్చును.

మా పితామహుడు ఓడ నెక్కిన విధము వేఱు. 1933 అక్టోబరులో 'జలదుర్గ' యను నౌక లోపలికి వచ్చి మా రేవు తెరవబడువరకు, ఓడలు దూరముగా సముద్రముననే లంగరు వేసెడివి. మనుష్యులును మూటలును మసూలా పడవలలో, అలలపై నెగిరి పడుచు, వానిని చేరవలసియుండెను. మా పితామహు డట్లే చేరి, ఓడపైతట్టున ఎండవానలలో నింత జాగా సంపాదించుకొని, రంగమునకు బోయెను. రంగమనగా రంగూను. ఆ కాలమున మా తీరమున పని దొరకనివారి కందఱికిని అదే జపమంత్రము. ఆయన ప్రయాణమును గూర్చి మా నాయనమ్మ యొకే మాట చెప్పుచుండెడిది: "మూటలకు చీటీలు కట్టారట, మనుషులకు మాత్రం కట్టలేదట." రంగమున దిగినప్పుడు ఆయన మెడలో దండ వేసినవా రెవరును లేరు. ఆయన మనుమలమగు మేము, ఆయన యోడ యెక్కిన పట్టణముననే, ఓడ దిగువారికి ఎన్ని దండలు కావలెనో లెక్కించు సంఘములో సభ్యులముగా గూర్చుంటిమి.

సంఘమున మమ్మేల చేర్చిరనగా, మాకు ఇంగ్లీషు వచ్చును, ఊరి పాతకథలు కొన్ని తెలియును, అన్నిటికంటె ముఖ్యముగా అర్జీలు బాగుగా వ్రాయుదుమని మాకొక పేరు కలదు. మొదటి సమావేశమున కాఫీ లైన పిమ్మట ప్రసంగము తీరముమీదికి మఱలెను. తోపుడుబండ్లవారు, ముంతమసాలావారు, మొక్కజొన్నపొత్తులు కాల్చువారు, గవ్వలదండ లమ్మువారు — వీరిని జూచి వచ్చినవారేమనుకొందురని యొకరనిరి. ఏమనుకొందురను ప్రశ్నకు మన దేశమున నున్నంత బలము ఏ శాసనమునకును లేదు. ఆడుపిల్ల చదువు నాపినది అదియే, అప్పుచేసి పెండ్లిపందిరి వేయించినది అదియే. నాడు మా తీరమునుండి బండ్లను లేపజూచినదియు నదియే. ఈ పోలిక మాకిప్పుడు తోచుచున్నది గాని నాడు తోచలేదు. నాడు కలము తీసి, బండ్లను తొలగింపవలసినదని అర్జీ వ్రాసితిమి. "విచ్చేయు అతిథుల దృష్టికి అసౌకర్యము కలుగకుండునట్లు" అని మొదలిడితిమి. దృష్టికి అసౌకర్యమట! సభ్యులు తల లూపిరి. మనుష్యులను కంటిలోని నలుసులుగా జేసిన వాక్యము వ్రాసి మేము లోలోపల సంతోషించితిమి.

ఓడ వచ్చిన దినమున తీరము కడిగిన పళ్లెమువలె నుండెను. అరకులోయనుండి థింసా నృత్యముచేయు స్త్రీలను రాత్రికి రాత్రి బస్సులో దింపిరి. ఓడ ఆలస్యమాయెను. వారు మూడుగంటలకాలము ఎండలో నిలువబడి, చుట్టములు దిగినప్పుడు పది నిమిషములాడిరి. ఆ పదింటిలో అయిదు చుట్టములు ఫొటోలు తీసికొనుటకే చాలినవి. పెండ్లినాడు వంటవారికి అన్నము పెట్టుట మఱచిన యింటివారివలె, ఆ స్త్రీలకు ఫలాహార మేర్పఱచుట సంఘమున నెవరికిని జ్ఞప్తికి రాలేదు. మాకును రాలేదు.

పిదప బస్సులు కదలినవి. కైలాసగిరి యైనది. 2002 నుండి తీరమున ప్రదర్శనశాలగా నున్న కురుసుర జలాంతర్గామి యైనది. తరువాత దుకాణము. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిణె పట్టి, లక్కరంగులు పూసి చేయు బొమ్మలు ఆ దుకాణమున నుండెను. మేము నూఱురూపాయలకు కొను బొంగరమునకు ఆనాడు ఆఱునూఱులనిరి. చుట్టములు బేరమాడక కొనిరి. పైనున్న అయిదునూఱులలో బస్సు తెచ్చినవానికొక పాలు, దారి చూపినవానికొక పాలు. తరిణెముందు గూర్చున్నవానికి మాత్రము లేదు. మేము కన్నులార జూచితిమి, నోరు మెదపలేదు. చుట్టము లెదుట ఇంటిగుట్టు విప్పుటెట్లని యూరకుంటిమి. గుట్టు దాచుట మర్యాద యని మనము చిన్ననాటనుండి నేర్చుకొన్నాము. దొంగతనము గూడ గుట్టులోనే చేరునని యెవరు నేర్పిరో తెలియదు.

ఓడచుట్టములవలన ఊరు బాగుపడునను మాటను కొంచెము విడదీసి చూడుడు. వారి పడక ఓడలోనిది, భోజనము ఓడలోనిది, వినోదము ఓడలోనిది. ఊరు చూచుటకు టిక్కెట్టును తఱచుగా ఓడలోనే కొందురు. అందు ఓడవారి భాగము పోగా మిగిలినది బస్సులవారికి వచ్చును. రేవునకు రుసుము వచ్చును, అది మంచిదే. కాని ఉదయము దిగి సాయంకాలమున కెక్కువాడు మా పూటకూటి యింట నన్నము తినడు, మా సత్రమున నిద్రింపడు. వాని చేతినుండి బీదవాని చేతికి, నడుమ నెవరును లేక, పైకము మాఱగల చోటులు మిక్కిలి తక్కువ. వానిలో మొదటిది తోపుడుబండి. మేము ముందుగా తొలగించినది దానినే.

ఇతరదేశములవారి బాధ మఱియొక తీరు. వెనిసు నగరమువారు 2021 ఆగస్టునుండి పెద్ద యోడలను సెయింటు మార్కు ముంగిటి జలమార్గమున రానీయుట లేదు. 2024లో, ఉదయమున వచ్చి సాయంకాలమున మఱలువారినుండి కొన్ని దినములయందు అయిదు యూరోల ప్రవేశరుసుమును గూడ తీసికొన నారంభించిరి. అలాస్కాలోని జూనో పట్టణమున ముప్పదివేల పైచిలుకు జనము. వారు 2024 నుండి దినమునకు అయిదు పెద్ద యోడలకు మించి రాకుండ ఓడలవారితో ఒడంబడిక చేసికొనిరి. చుట్టములు మిక్కుటమై ఇంటివారికి కాలు పెట్ట చోటు లేకపోగా వారట్లు చేసిరి. మాకింకను అంతటి రద్దీ రాలేదు. వారు ఇంటివారికొఱకు చుట్టములను తగ్గించుకొనుచుండగా, మేము చుట్టములకొఱకు ఇంటివారిని తగ్గించుకొంటిమి.

ఆనాడు ఒక వృద్ధదంపతులు మా పాల బడిరి. ఆమె తెల్లవాఱుజామున ఓడమీదినుండి చిన్నచిన్న తెప్పలను జూచెనట. అంత పెద్ద నీటిమీద అంత చిన్న కొయ్యపై మనుష్యులు నిలువబడి వల లాగుచుండగా చూచి, వారెచ్చట నుందురు, వారి యిండ్లు చూడవచ్చునా యని యడిగెను. కార్యక్రమములో లేదంటిమి. తీరము వెంబడి కొంతదూరము నడచి, "ఇంత పెద్ద పట్టణము, ఇంత యందమైన ఒడ్డు; ఇచ్చటికి మీవారెవరును రారా?" అని మరల నడిగెను. నేడు పనిదినమంటిమి. నిజమునకు ఆదివారము. ఓడలోనివారికి వారములు కలిసిపోవుట మా యదృష్టము. ఆమె భర్త కాలిబాటపైనున్న నల్లని మచ్చలను జూపి యివి యేమనెను. బండ్లను తీసివేయగలిగిరి గాని బొగ్గుమసిని తీసివేయలేకపోయిరి. ఇచ్చట మొక్కజొన్నపొత్తులు కాల్తురని ఎచ్చటనో చదివితిననియు, ఒకటి తినవలెనని యున్నదనియు ఆయన చెప్పెను.

"ఇచ్చట అమ్మరు" అంటిమి. ఏబదియేండ్లుగా ఆ యొడ్డున మేము తిన్న పొత్తుల నన్నిటిని ఒక్కమాటతో సముద్రమున గలిపితిమి.

మూడవనాటి సాయంకాలము అలవాటు చొప్పున తీరమునకు బోయితిమి. అచ్చట పొత్తులమ్ము నామెను మేము ముప్పది యేండ్లుగా నెఱుగుదుము. లేతదా ముదురుదా యని యామె మమ్మడుగదు. తానే యేరి, కాల్చి, ఉప్పుకారము నంటిన నిమ్మచెక్కతో రాచి యిచ్చును. నాడు బండి లేదు. మూడిటుకలమీద నిప్పు పెట్టుకొని నేలమీద గూర్చుండెను.

"బండేదమ్మా?" అంటిమి.

"ఒట్టుకుపోనారు బాబూ. ఓడొస్తాదంట, బండ్లు అగుపించకూడదంట. పొద్దున్నే ఒచ్చి లారీలో ఎక్కించేసినారు. సెక్రం ఇరిగిపోనాది."

"ముందుగా చెప్పలేదా?"

"మాకెవులు సెప్తారు బాబూ?" అని విసనకఱ్ఱతో నిప్పు విసరుచు కొంతసేపూరకుండెను. పిమ్మట, "ఓడ బాగుందా బాబూ? మీరు దగ్గిరగా సూసినారంట గదా. మా మనవరాలు సూపించమని ఒకటే గోల. తాడు కట్టేసినారు, రానిచ్చినారు కాదు" అనెను.

బాగున్నదంటిమి.

"మీరు అర్జీలు బాగా రాస్తారంట గదా బాబూ. బండి ఇడిపించమని ఒక కాయితం రాసి పెడుదురూ."

ఆ రాత్రి వీధివ్యాపారుల జీవనోపాధిని రక్షించుటకు 2014లో చేయబడిన శాసనమును ముందుంచుకొని కూర్చుంటిమి. వ్యాపారిని లేపవలెనన్నచో ముప్పది దినములు ముందుగా నోటీసియ్యవలెనని అందున్నది. పట్టుకొన్న వస్తువులకు జాబితా వ్రాసి యియ్యవలెను. తిరిగి యడిగినప్పుడు, చెడిపోవు సరకునైనచో ఆనాడే, చెడిపోనిదానిని రెండు పనిదినములలో విడువవలెను. ఊరి విక్రయసంఘమున నూటికి నలువదిమందికి తక్కువగాక వీధివ్యాపారులే యుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీ లుండవలెను. ఇది యంతయు మేము మొదటి అర్జీ వ్రాయుటకు చాలముందే అచ్చుపడియున్నది. చదువవలెనని మాకు తోచలేదు. బండి కొక సంఖ్యయు, ధరల పలకయు, మంచినీటి కుళాయియు, చెత్తకుండియు నియ్యుడని వ్రాసియుండవచ్చును. ఆడువారికి నీడయు, భోజనమును, కూలియు ముందుగా నియ్యుడని వ్రాసియుండవచ్చును. అట్టి యర్జీకి సభ్యులు తల లూపియుండరేమో గాని, ఆ వృద్ధుడు పొత్తు తిని యుండెడివాడు.

క్రొత్త అర్జీలో ఎవరి కోరికపై బండ్లు తీయబడినవో చెప్పవలసిన చోటొకటి వచ్చెను. కొందఱి కోరికపై నని వ్రాసి కొట్టివేసితిమి. పట్టణ ప్రముఖుల కోరికపై నని వ్రాసి కొట్టివేసితిమి. తుదకు, "ఈ యర్జీ వ్రాయుచున్నవాడు వ్రాసిన వేఱొక అర్జీపై" నని వ్రాసితిమి. తెల్లవాఱి ఆమెకు చదివి వినిపించితిమి. ఆ వాక్యముకడ ఆమె తలయెత్తి మమ్ము చూచెను. ఏమియు ననలేదు. వేలిముద్ర ఎచ్చట వేయవలెనని యడిగెను.

రెండుదినములలో రావలసిన బండి పదునొకండు దినములకు వచ్చినది. చక్రమును మేము బాగుచేయించితిమి. ఆమె యథాప్రకారము అదే చోట నిలుచుచున్నది. మేమును యథాప్రకారము పోవుచున్నాము. పొత్తు కాల్చి, నిమ్మచెక్కతో రాచి యిచ్చుచున్నది. లేతదా ముదురుదా యని మాత్రము ఇప్పుడడుగుచున్నది.