చేతికి మళ్ళీ పని నేర్పే చదువు

మన పల్లెల్లో పక్షవాతం వచ్చినవారిని ఇంటివారు కంటికి రెప్పలా చూసుకుంటారు. నోట్లో ముద్ద పెడతారు, చొక్కా తొడుగుతారు, మంచం దిగనివ్వరు. ఇదంతా ప్రేమే. అయితే ప్రియులారా, ఇంత ప్రేమ మధ్యనే ఆ మనిషి "నేనిక దేనికీ పనికిరాను" అని లోలోపల కుమిలిపోవటం నేను చూశాను.

మా సింగరాయకొండ సంఘంలో ఒక పెద్దాయనకు కుడిపక్క పడిపోయింది. ప్రాణం దక్కింది గాని మాట్లాడటం మానేశారు. కొన్నాళ్ళకు ఆయనను ఆక్యుపేషనల్ థెరపీ చదివిన ఒక అమ్మాయి దగ్గరకు తీసుకువెళ్ళాం. "పెదనాన్నా, పొద్దున లేవగానే ఏం పని చేసేవారు?" అని అడిగింది. "గేదెను పితికేవాణ్ణమ్మా" అన్నారు. చికిత్స అక్కడే మొదలైంది.

చొక్కా వేసుకునేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలని నేర్పింది. స్పూను కాడకు గుడ్డ చుట్టి, లావు చేసి, పట్టు కుదిరేలా చేసింది. వేరుశనగ కాయలు ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేయించింది. నెలలు పట్టింది. కుడిచెయ్యి పూర్వంలా రాలేదు. అయినా ఇప్పుడు ఆయన చెంబును మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, కుడిచెయ్యి ఆసరాగా పెట్టి, ఎడమచేత్తో పాలు పితుకుతారు. "నా అన్నం నేనే తింటున్నానయ్యగారూ" అని ఆయన చెప్పిన రోజున ఇంటిల్లిపాదీ ఏడ్చారు.

మన దేశంలో ఈ చదువును 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ అనే అమెరికాలో పుట్టిన సోదరి ప్రారంభించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేసేవారు. వేళ్ళు బాగైనా బ్రతుకుతెరువు లేకపోతే వారి గతి ఏమిటి? అందుకే అక్కడ ఒక కేంద్రం నెలకొల్పి వడ్రంగం వంటి పనులు నేర్పించారు. అదే ఆసుపత్రిలోని డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదానికి గురై నడుము కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు, తనవంటి వారికోసం పునరావాస వైద్య విభాగాన్ని నడిపించారు.

ఫిజియోథెరపీ ముఖ్యంగా కండరాల బలాన్ని, కదలికను చూస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ స్నానం, తిండి, బడి, ఉపాధి వంటి పనులను మనిషికి తిరిగి అలవాటు చేస్తుంది. బుద్ధి ఎదగని పిల్లలకు, ఆటిజం ఉన్న పిల్లలకు, మానసిక రోగులకు కూడా ఇది ఎంతో అవసరం.

యౌవనులారా, ఇంటర్‌లో బైపీసీ చదివినవారు ఈ డిగ్రీలో చేరవచ్చు. ఆసుపత్రి శిక్షణతో కలిపి నాలుగున్నర, ఐదేళ్ళ చదువు. వేలూరులో కూడా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం దీనిని గుర్తించిన వృత్తుల్లో చేర్చింది. చేరేముందు కళాశాలకు గుర్తింపు ఉందో లేదో తప్పక విచారించండి. మార్కులతోపాటు ఓర్పు కూడా కావాలి. ఒక బొత్తాం పెట్టుకోవటం నేర్పటానికి నెల పట్టినా విసుగుకోని మనసు మీకుంటే, ఈ చదువు మీకోసమే.