402 మీటర్ల జాగా

శనివారం రాత్రి పదకొండు దాటాక టీ-హబ్, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద తిరిగినవాళ్లకి ఆ శబ్దం గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు సైలెన్సర్ మార్చిన బండి ఒకటి గుర్రుమంటుంది. దాని పక్కన ఇంకోటి. ఎవడో రెండు బళ్ల మధ్య నిలబడి చెయ్యి పైకెత్తి దించుతాడు. పది పదిహేను సెకన్లలో అంతా అయిపోతుంది. చుట్టూ ఉన్న ఫోన్లలో మాత్రం తెల్లారేదాకా రీల్ అయి తిరుగుతూనే ఉంటుంది. లాంచ్‌లో ముందు చక్రం ఎందుకు లేచింది, సెకండ్ గేర్ ఎక్కడ వేశాడు అని ఆదివారం పొద్దున మన మెస్‌లో ఇడ్లీ చల్లారేదాకా చర్చ.

వాళ్లని హీరోలు చేయడానికి ఇది రాయట్లేదు. అదే రోడ్డు మీద అదే టైంకి బిర్యానీ బ్యాగు తగిలించుకుని డెలివరీ అన్నలు వెళ్తుంటారు. నైట్ షిఫ్టు దిగి క్యాబ్ కోసం నిలబడ్డవాళ్లుంటారు. 2019 నవంబర్ 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీంచి ఒక కారు వేగంగా వచ్చి కింద పడితే, ప్రాణం పోయింది కింద రోడ్డు మీదున్న ఒకావిడకి. అది రేసు కాదు, కానీ ఆ రోడ్ల మీద వేగం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి అది చాలు. పోలీసులు బళ్లు పట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మా రూమ్మేట్ సంగతి చెప్తాను, పేరు రాయొద్దన్నాడు. థర్డియర్‌లో ఒక శనివారం వాడి బండి స్టేషన్‌కి పోయింది. వాళ్ల నాన్న వరంగల్‌లో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు. కౌన్సెలింగ్ ఇచ్చిన ఎస్సై పెద్దగా కసురుకోలేదట. "రేసు చేయాల్నంటే గ్రౌండ్‌ల చేస్కో తమ్మీ, రోడ్డు మీద ఎందుకు?" అన్నాడట. మంచి మాటే. వీడు తల దించుకునే "గ్రౌండ్ ఎక్కడుంది సార్?" అని అడిగాడు. ఆయన పక్కనున్న కానిస్టేబుల్ వంక చూశాడట, కానిస్టేబుల్ రిజిస్టర్ వంక చూశాడట.

ఇప్పుడు ఫైనలియర్. వాడికి ఆఫర్ లెటర్ వచ్చింది. వెనకే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం. "మీ మీద పెండింగ్ కేసులున్నాయా" అన్న గడి దగ్గర ఆగిపోయి రెండు రోజులు ఆ ట్యాబ్ మూయకుండా అలాగే ఉంచాడు. చివరికి "ఉంది" అని నింపి పంపాడు. ఇది రాసేటప్పటికి కంపెనీ నుంచి జవాబు లేదు.

కేసు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద. మొదటిసారైతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా, 10,000 దాకా. వాడి కోసం ఆ సెక్షన్ తీసి చదువుతుంటే ఒక ముక్క దగ్గర ఆగాను. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బహిరంగ స్థలంలో రేసు చేస్తే నేరం అట. ఒప్పుకుంటే కాదన్నమాట. అంటే కాయితం ఉండాలి.

కాయితం ఉన్న రేసుని మనందరం చూశాం. 2023 ఫిబ్రవరి 11, హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ. సెక్రటేరియట్, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు కలుపుకుని 2.8 కిలోమీటర్ల పైచిలుకు ట్రాకు, 18 మలుపులు. 2013లో నోయిడాలో ఫార్ములా వన్ అయిపోయాక ఇండియాకి మళ్లీ వచ్చిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారు రేసు అదే, అదీ మన ఊళ్లో. అప్పుడు నేను ఫస్టియర్, కాలేజీలో చేరి ఇంకా వాసన కూడా పోలేదు. వెయ్యి రూపాయల టికెట్టుతో వెళ్లాం. లౌంజ్‌లో కూర్చునేవాళ్లకి లక్ష దాటింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వాడిన శక్తిలో 40 శాతం దాకా బ్రేకింగ్‌లోనే తిరిగి రాబట్టుకునే జెన్3 కార్లు కళ్లముందు తిరుగుతుంటే, ఈఈఈ బ్రాంచి వచ్చిందని అప్పటిదాకా ఏడ్చినవాడు మొదటిసారి కాలరెగరేశాడు. ముందురోజు ప్రాక్టీసు టైంలో మనోళ్ల మామూలు బళ్లు, కార్లు ట్రాకు మీదకి వచ్చేసిన వీడియోలు కూడా గుర్తుండే ఉంటాయి. ప్రపంచంలో ఎక్కడా దొరకని ఫ్రీ ప్రాక్టీస్ అది.

నవ్వుకున్నాం గానీ ఆ రేసు నచ్చింది. నాకే కాదు, ఆ రోజు వంతెనల మీద, బారికేడ్ల సందుల్లోంచి చూసినవాళ్లకి కూడా. పెద్ద కంపెనీ వస్తే ఫ్యాన్స్‌కి ఏం దక్కుతుందో కాదనలేం. మన బ్యాచ్‌లో సగం మంది ఫార్ములా వన్ చూస్తున్నారంటే కారణం 2017లో దాన్ని కొనుక్కున్న లిబర్టీ మీడియా, ఆ తర్వాత వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీసు. 2025లో అదే కంపెనీ మోటోజీపీని కూడా కొనేసింది. రేపు దాని పాయింట్ల పట్టిక మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది చూడండి.

కానీ కంపెనీకి, ఊరికి మధ్య ఉన్నది ఒప్పందం. ఒప్పందం పోతే రేసు పోతుంది. 2024 ఫిబ్రవరి 10న రెండోసారి జరగాల్సింది, ప్రభుత్వం మారాక జనవరి మొదటివారంలోనే రద్దయింది. ఆ చెల్లింపుల మీద, హెచ్‌ఎండీఏ నుంచి వెళ్లిన దాదాపు 55 కోట్ల రూపాయల మీద 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు పెట్టింది. ఎవరిది తప్పన్నది కోర్టులు తేలుస్తాయి, మన మ్యాగజైన్ తేల్చదు. నా బాధ వేరే. తప్పు ఎవరిదైనా, ఆ ట్రాకు వల్ల ఈ ఊళ్లో బండి నడిపే కుర్రాడికి ఒక్క మీటరు కూడా మిగల్లేదు. బారియర్లు, స్టాండ్లు విప్పేశారు. రోడ్డు మళ్లీ రోడ్డయింది.

అంతకుముందు, 2022 నవంబర్‌లో అదే ట్రాకు మీద ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. ఐపీఎల్ పద్ధతి, ఊరికో టీము. మనది హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్, 2024లో దాన్ని నాగచైతన్య తీసుకున్నాడు. గోవా జట్టు జాన్ అబ్రహాంది, కోల్‌కతా జట్టు గంగూలీది. టీము ఓనరు ఎవరో ఆటో అన్నకి కూడా తెలుసు. అందులో నడిపే డ్రైవర్ల పేర్లు ముగ్గురివి చెప్పమంటే మన ఆటోమొబైల్ క్లబ్బే తడబడుతుంది. చిన్నప్పటి నుంచి కార్టింగ్‌కి డబ్బు పెట్టగలిగిన ఇళ్ల పిల్లలే ఎక్కువగా ఆ సీట్ల దాకా వెళ్లగలరు. టీవీలో కనబడే పై మెట్టుకి ఓనర్లున్నారు. కింది మెట్టుని ఎవరూ కొనరు, ఎందుకంటే అందులో లాభం లేదు.

టీ-హబ్ రోడ్డు మీద జరిగేది డ్రాగ్ రేసే. రెండు బళ్లు, తిన్నటి దారి, పావు మైలు, అంటే 402 మీటర్లు. ఈ ఆటకి పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడ కూడా మొదలు మనలాగే, రాత్రిళ్లు రోడ్ల మీద. 1950లో శాంటా ఆనా దగ్గర ఒక విమానాల రన్‌వే మీద డ్రాగ్ స్ట్రిప్ తెరిచారు. 1951లో హాట్ రాడ్ పత్రిక ఎడిటర్ వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అని సంఘం పెట్టాడు. కుర్రాళ్లని రోడ్డు మీంచి ట్రాకు మీదకి తేవడమే దాని పని. 1953లో వాళ్ల మొదటి రేసు పొమోనాలో ఒక ఎగ్జిబిషన్ గ్రౌండ్ పార్కింగ్ స్థలంలో జరిగింది. మరుసటేడు ఊరూరా తిరిగి రేసు ఎలా పెట్టాలో నేర్పిన బృందానికి నాయకుడు ఒకప్పటి పొమోనా పోలీసు, బడ్ కూన్స్. "గ్రౌండ్ ఎక్కడుంది సార్" అన్న ప్రశ్నకి అక్కడి పోలీసే జవాబు వెతికాడన్నమాట.

ఆ సంఘం లాభాపేక్ష లేనిది. 2007లో హెచ్‌డీ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి కంపెనీ వచ్చి ప్రొఫెషనల్ రేసుల వ్యాపారాన్ని 12 కోట్ల డాలర్లకి కొంటానంది. ఔత్సాహికుల విభాగం మాత్రం సంఘం దగ్గరే ఉంటుందన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కడ పెద్ద రేసులన్నిట్లో ప్రొఫెషనల్ కార్లు, సొంత ఖర్చుతో ట్రెయిలర్ లాక్కొచ్చిన మెకానిక్కుల కార్లు ఒకే వారాంతంలో ఒకే స్ట్రిప్ మీద నడుస్తాయి. టీవీ టైము అమ్ముకునేవాడికి ఆలస్యమైతే ముందు ఎవరి రౌండ్లు తగ్గిస్తాడు? మన ఫెస్ట్‌లో సెలబ్రిటీ లేటుగా వస్తే లోకల్ బ్యాండు సెట్టు ఎగిరిపోవడం చూసినవాళ్లకి ఈ లెక్క చెప్పనక్కర్లేదు. చివరికి ఆ కంపెనీ వాటాదార్లు మద్దతివ్వక కొనుగోలు ఆగిపోయింది.

డ్రాగ్ రేసింగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది బ్రాకెట్ పద్ధతి. నీ బండి 402 మీటర్లు ఎంతసేపట్లో పోతుందో నువ్వే ముందు రాసివ్వాలి. నెమ్మది బండికి పచ్చలైటు ముందు పడుతుంది, వేగమైనదానికి ఆ తేడా అంత ఆలస్యంగా. రాసిచ్చిన టైముకన్నా తక్కువలో వెళ్తే మామూలుగా ఓడినట్టే. అంటే నాన్న వాడిన పాత స్ప్లెండర్ తెచ్చినవాడు కూడా హయబూసాని ఓడించొచ్చు, తన బండిని బాగా ఎరిగుంటే. ఇది టీవీలో అమ్ముడుపోయే సరుకు కాదు, గంటలకొద్దీ సాగుతుంది, ఎవరు గెలిచారో బయటివాడికి అర్థం కాదు. కానీ నడిపేవాడికి ఇంతకన్నా ఇష్టమైన ఆదివారం ఉండదు. ఓనరు ఉన్న ఆటలో చూసేవాడు ముఖ్యం, నడిపేవాడు ఖర్చు. క్లబ్బు ఉన్న ఆటలో నడిపేవాడి కోసమే మిగతాదంతా.

మన దగ్గర క్లబ్బు ఆట లేదా అంటే ఉంది, చెన్నైలో. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు యుద్ధకాలపు షోలవరం రన్‌వే మీద దశాబ్దాలు రేసులు పెట్టారు. తర్వాత శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుని 1990 నుంచి నడుపుతున్నారు. బైకుల జాతీయ డ్రాగ్ ఛాంపియన్‌షిప్ అక్కడే జరుగుతుంది. బెంగళూరు హేమంత్ ముద్దప్ప పేరు తెచ్చుకున్నది అక్కడే. మన హైదరాబాద్ కుర్రాళ్లు కూడా అక్కడికి వెళ్లి కప్పులు తెస్తారు. నోయిడాలో కంపెనీ కట్టిన బుద్ధ సర్క్యూట్‌ని దీని పక్కన పెట్టి చూడండి. ఫార్ములా వన్ మూడేళ్లు, 2011 నుంచి 2013. పదేళ్ల తర్వాత మోటోజీపీ ఒక్కసారి. కట్టిన కంపెనీ అప్పుల్లో పడింది. చెన్నై ట్రాకు దానంత అందంగా ఉండదు, కానీ ప్రతి ఏడూ ఉంటుంది.

మన కాలేజీ ఫార్ములా స్టూడెంట్ టీముకీ దారి అటే. ఫార్ములా భారత్ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో. అందులో యాక్సిలరేషన్ ఈవెంట్ 75 మీటర్లు. నిజం చెప్పాలంటే కాలేజీ ఒప్పుకుని, ప్రిన్సిపాల్ సంతకం పెట్టి పంపే డ్రాగ్ రేసు అది. ఆ 75 మీటర్లు టెస్ట్ చేసుకోవడానికి మన టీము మెకానికల్ బ్లాక్ వెనక ఆదివారాలు సెక్యూరిటీ అన్నని బతిమాలుకోవడం మీరు చూసే ఉంటారు. ఐటీ కారిడార్ ఊళ్లో, ఇన్ని టెక్ పార్కుల మధ్య, 75 మీటర్లకే ఈ గతి.

402 మీటర్లకి ఏం కావాలి? దాని తర్వాత బ్రేకు వేయడానికి కనీసం అంతే నేల, వీలైతే ఇంకా ఎక్కువ. అంటే కిలోమీటరు తిన్నటి తారు, రెండువైపులా బారియర్లు, ఒక అంబులెన్సు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, టైమింగ్ లైట్లు. టైమింగ్ సిస్టం మన ఈసీఈ వాళ్లు మినీ ప్రాజెక్టుగా చేసిపడేస్తారు. లైసెన్సులు, రూల్సు ఇచ్చే జాతీయ సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఉంది. ఏడాదికి ఆరు ఆదివారాలు, ఎంట్రీ ఫీజు ఒక సినిమా, ఒక బిర్యానీ అంత. కాయితం మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. కంపెనీలు డబ్బిస్తామంటే తీసుకుందాం, బ్యానరు కట్టుకోమందాం. బాజా పోటీకి మహీంద్రా ఏళ్ల తరబడి స్పాన్సర్ చేసింది, కాలేజీ పిల్లలే బళ్లు కట్టారు, నడిపారు. బ్యానరు కట్టుకోవడం వేరు, గేటు తాళం చేతికివ్వడం వేరు. మా రూమ్మేట్ నేనూ ఈ లెక్కంతా నాలుగు పేజీలు రాసి పెట్టాం. సంతకాలకి ఆటోమొబైల్ క్లబ్బు రూంలో ఉంది.

వాడి బండి విడిపించుకున్నాక ఏడు నెలలు కవరు కప్పి ఉంచాడు. మొన్న కవరు తీశాడు. చెన్నైలో తర్వాతి డ్రాగ్ రౌండుకి మెడికల్ సర్టిఫికెట్ తీసుకున్నాడు, లైసెన్సుకి అప్లై చేశాడు, లెదర్ సూటు ఒక సీనియరన్న అరువిచ్చాడు. కొంచెం లూజు. బండిని ట్రైన్ పార్సిల్‌లో వేస్తున్నాం. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదన్నారు, అందుకని నిన్న సాయంత్రం పైపు పెట్టి మొత్తం తీసి నా బండిలో పోశాడు. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పాడు కూడా. ఆయన కాసేపు ఏమీ అనలేదట. తర్వాత రేసు ఎన్నింటికని అడిగాడట.