తీర్థన్ ఏటిలో గాలం

చేపలు పట్టడానికి హిమాలయాల దాకా వెళ్ళాలా అని మా ఆవిడ అడిగింది. అడగవలసిన మాటే. మాది కోనసీమ. గుమ్మం దిగితే కాలవ, కాలవ దాటితే గోదావరి పాయ. చిన్నతనంలో వెదురుకర్రకు దారం కట్టి, నెమలి యీక కాడను బెండుగా వేసి, వానపామును గుచ్చి, పూటకి రెండు జెల్లలూ నాలుగు పరిగెలూ ఇంటికి తెచ్చినవాణ్ణే. ఆ గాలానికి రీలుతో పనే లేదు. చేప పడితే కర్ర యెత్తడం, గట్టున పడెయ్యడం.

కాని మా బావమరిదికి చండీగఢ్‌లో వుద్యోగం. "బావగారూ, దసరా సెలవులకు వచ్చెయ్యండి, ట్రౌటు చేపలు పట్టిద్దాం" అని ఫోను చేశాడు. నేను వుత్సాహం పట్టలేక వొక పట్నపు దుకాణానికి వెళ్ళి రీలు కొన్నాను. "పెద్దదే తీసుకోండి మాష్టారూ, పెద్ద చేపకూ చిన్న చేపకూ కూడా పనికొస్తుంది" అన్నాడు దుకాణదారు. కందంలో యిమిడే మాటకు స్రగ్ధర యెత్తుకోకండర్రా అని యేటేటా క్లాసులో చెప్పే నేను, ఆ మాట నమ్మాను. అరకిలో పైచిలుకు బరువు. దాని మీద 6000 అని అంకె కూడా వుంది.

చండీగఢ్ నుంచి మండి మీదుగా ఔట్ దాకా వెళ్ళి, అక్కడ కులూ రోడ్డు వదిలి లార్జీ వైపు తిరగాలి. తీర్థన్ బియాస్‌లో కలిసేది లార్జీ దగ్గరే. అక్కణ్ణుంచి బంజార్, ఆ పైన గుషైనీ. దేవదారు చెట్లు, రాతిపలకల కప్పుల ఇళ్ళు, వాటి కింద గులకరాళ్ళ మీద గోలచేస్తూ పరుగెత్తే యేరు. మోకాలిలోతు నీళ్ళలో కాలు పెడితే యెముకలు జివ్వుమన్నాయి. ఈ యేరు గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లో పుడుతుంది. 2014లో ఆ వనాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ట్రౌటు మాత్రం ఇక్కడి చేప కాదు. ఇంగ్లీషువాళ్ళ హయాములో, 1909 ప్రాంతంలో, కులూ నీళ్ళలో విడిచారు. అది ఇక్కడే కాపురం పెట్టేసింది. పట్టడానికి మత్స్యశాఖ వారి అనుమతి చీటీ వుండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పట్టడం నిషేధం.

మొదటిరోజు నా రీలు చూసి, మాకు దారి చూపడానికి వచ్చిన పెద్దాయన యేమీ అనలేదు. అనకపోవడమే అన్నాడనుకోవాలి. అయిదు గ్రాముల రేకు చేపను లావుపాటి దారానికి కట్టి విసిరాను. నాలుగు గజాల అవతల నా కాళ్ళ దగ్గరే పడింది. పది విసుర్లకు మణికట్టు పట్టేసింది.

సంగతి యేమిటంటే, ఈ రకం రీలులో కండె తిరగదు, కదలకుండా వుంటుంది. విసిరినప్పుడు దారం కండె అంచు మీదనుంచి జారిపోతుంది. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయనది బ్రాడ్‌ఫర్డ్‌లో నూలువడికే మిల్లుల కుటుంబం. మిల్లులో కండెలు చూసే ఈ వూహ తట్టిందంటారు. ఆ దారాన్ని లాక్కుపోవలసింది యెర బరువే గనుక, తేలిక యెరకు సన్న దారం, సన్న దారానికి చిన్న రీలు. ట్రౌటుకు 1000 నుంచి 2500 దాకా అంకె వున్నవి చాలు.

రెండోరోజు బావమరిది తన చిన్న రీలు ఇచ్చాడు. ఈసారి విసురు బాగానే వెళ్ళింది. రాయి వెనక సుడిలో చేప పట్టింది కూడా. అయితే చేప పారిపోతుందేమోనని రీలు పైనుండే మరను నేను బిగించేసి వున్నాను. వొక్క గుంజు! దారం ఫట్‌మంది. రేకు మూతిలో గుచ్చుకునే వుండగా చేప వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనం సహించలేదు. పట్టుకు తిన్నా ఇంత బాధ వుండేది కాదు.

మర్నాడు పెద్దాయన ఆ మర వదులు చేసి, దారాన్ని చేత్తో లాగి చూపించాడు. దారం తెగే బరువులో మూడో వంతు దాటక ముందే కండె జారాలి. రెండున్నర కిలోల దారమైతే ముప్పావు కిలో. చేప దారం లాక్కుపోతున్నంతసేపూ పిడి తిప్పకూడదు. తిప్పితే దారానికి మెలికలు పడతాయి. అది అలిసి ఆగినప్పుడే చుట్టాలి. ఆ రోజు దొరికిన చేపను, యెర్రచుక్కల బ్రౌన్ ట్రౌటును, చెయ్యి తడిచేసుకుని పట్టి, కొక్కెం తీసి నీళ్ళలోనే వదిలాను.

అవతలి రేవులో మరొకాయన ఫ్లయి గాలం వేస్తున్నాడు. అక్కడ విసురుకు బరువు యెరది కాదు, లావుపాటి దారానిదే. రీలు దారం దాచుకోవడానికీ, కర్ర తూకానికీ, చేప లాగినప్పుడు ఆపడానికీ అంతే. ఇంకో జాతి వుంది, బావిగిలకలాగ కండే తిరిగేది. బొటనవేలు అదిమి వుంచడం తెలియకపోతే కండె దారం కంటే ముందు పరుగెత్తి పిచ్చుకగూడు కడుతుంది. కాని మా వూరి చెరువులో నాచులోంచి కొరమేనును బయటికి లాగాలంటే మందపు దారమూ, ఆ గిలక రీలే మేలు.

నా 6000 రీలు ఇప్పుడు మా తమ్ముడి దగ్గర వుంది. అంతర్వేది మొగలో పండుగప్పలకు వేస్తున్నాడు. అక్కడ దానికి తగ్గ నీళ్ళే. వుప్పునీటి నుంచి రాగానే మంచినీళ్ళతో కడగమని రెండుసార్లు చెప్పాను. కడుగుతున్నాడో లేదో ఈ సంక్రాంతికి వెళ్ళి చూడాలి.