బడి లేని బడిపంతులు

ఉపాధ్యాయుడు పాఠము చెప్పునపుడు పుస్తకము కన్న పిల్లల ముఖములనే ఎక్కువగా చూచును. వెనుక బల్లపై కూర్చున్నవాడు కనుబొమలు ముడిచినచో, చెప్పినది అర్థము కాలేదని గ్రహించి మరల మొదలిడును. 2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధి మూలమున బడులు మూతపడినవి. ఉపాధ్యాయులకు మొదట దూరమైనవి ఆ ముఖములే.

తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు మొదలైనవి. మీలో కొందరికి అవి జ్ఞాపకముండవచ్చును. పాఠము టీవీలో వచ్చుచున్నను పంతులు పని తగ్గలేదు. ఏ పిల్లవాడు పాఠము చూచెను, ఏ యింట టీవీ లేదు, ఏ యింటిలో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో పొలమునకు పోయినది అని అతడు విచారింపవలసి వచ్చెను. ప్రైవేటు బడులలో పలువురు సెల్‌ఫోను ఎదుట కూర్చుండి బోధించిరి. "వినబడుచున్నదా?" అని అడిగినను చాలసారులు బదులు రాదు. నిండు తరగతిలో దినమంతయు నిలిచి చెప్పినవారికి కలుగని అలసట, బదులు రాని ఆ అరగంటలో కలిగెడిది. ఇంటిలో ఒకరు జ్వరముతో పడియుండగా పాఠము చెప్పినవారును కలరు.

జీతములు ఆగిపోయిన ప్రైవేటు ఉపాధ్యాయుల కష్టము వేరు. కొందరు కూరగాయలమ్మిరి, కొందరు ఉపాధి హామీ పనులకు పోయి గడ్డపార పట్టిరి. ఆ పనులలో తక్కువతనమేమియు లేదు. కాని వంకాయలు బేరమాడుచున్న తల్లి, ఎదుటివాడు తన బిడ్డకు లెక్కలు చెప్పిన పంతులని గుర్తించి బేరము మానినచో, అతని మనస్సు ఏమి కావలెను?

2021 ఫిబ్రవరి 1న తొమ్మిదవ తరగతి మొదలు పై తరగతులు తెరచిరి. రెండు నెలలైనను గడువకముందే, మార్చిలో బడులు మరల మూతపడినవి. ఏప్రిల్‌లో ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించినది. చేయి చాచి ఎరుగనివారికి ఆ మూట బరువుగానే తోచియుండును.

పంతులు ఇతరులకు ధైర్యము చెప్పవలసినవాడే గాని చెప్పించుకొనువాడు కాడని లోకమున ఒక తలంపు కలదు. అది న్యాయము కాదు. నిద్ర పట్టకుండుట, అకారణముగ విసుగు కలుగుట, ఇష్టమైన పనియందును మనసు నిలువకుండుట పిరికితనము కావు. వానిని దాచుకొన్నకొలదియు బాధ పెరుగును. సాయంకాలము తోటి ఉపాధ్యాయునితో నాలుగు మాటలాడినవారు కొంత తేరుకొనిరి. పాత విద్యార్థి ఫోనులో "బాగున్నారా సార్?" అని అడిగినపుడు, పాఠము సంగతి కాక తన సంగతి చెప్పుకొనుట కొందరికి అదే మొదటిసారి.